బయటి నుంచి వచ్చే ట్రాన్సాక్షన్‌ను జావా అప్లికేషన్ సర్వర్‌లో ఎలా అందుకోవాలి

ఆర్డర్లు చూసే సర్వర్ ఒక ట్రాన్సాక్షన్ తెరిచి, తన డేటాబేస్‌లో ఒక వరుస రాసి, అదే ట్రాన్సాక్షన్ లోంచి స్టాక్ చూసే మీ సర్వర్‌ని పిలిచింది అనుకోండి. రిక్వెస్ట్‌తో పాటు వచ్చిన ట్రాన్సాక్షన్ కాంటెక్స్ట్‌ని, అంటే ఈ పిలుపు ఏ ట్రాన్సాక్షన్‌లో భాగమో చెప్పే సమాచారాన్ని, మీ సర్వర్ చూడలేదు. సొంతంగా ఒకటి మొదలుపెట్టి, పని చేసి, కమిట్ కొట్టేసింది. టెస్టులన్నీ పాస్ అవుతాయి. పై సర్వర్ రోల్‌బ్యాక్ చేసిన రోజున మాత్రం ఆర్డరు ఉండదు, స్టాక్ తగ్గి ఉంటుంది, లాగులో ఒక్క ఎర్రరూ కనపడదు. కాబట్టి వచ్చిన కాంటెక్స్ట్‌ని కలుపుకోండి, లేదా తిప్పికొట్టండి, లేదా తెలిసి పక్కన పెట్టండి. ఈ మూడింట్లో ఏదైనా పరవాలేదు, చూడనట్టు ఊరుకోవడం ఒక్కటే పనికిరాదు.

కింద చెప్పేది ముఖ్యంగా రిసోర్స్ అడాప్టర్ (బయటి వ్యవస్థని సర్వర్‌కి కలిపే భాగం)‌, సొంత ప్రోటోకాల్ హ్యాండ్లర్‌, ఇంటర్‌సెప్టర్‌ లాంటివి రాసేవాళ్ల కోసం. సర్వర్‌ని నడిపేవాళ్లయితే 3, 5, 8, 9 దశలు తప్పకుండా చూడండి.

1. వచ్చింది ఏ రకమో ముందు తేల్చుకోండి

రిక్వెస్ట్ మూడు రకాలుగా రావచ్చు: కాంటెక్స్ట్ అసలే లేకుండా, నిజమైన కాంటెక్స్ట్‌తో, లేదా ఖాళీ కాంటెక్స్ట్‌తో. మూడోదాన్ని చాలామంది మొదటిదానితో కలిపేస్తారు, అది తప్పు. ఖాళీ కాంటెక్స్ట్ అంటే "నా దగ్గర ట్రాన్సాక్షన్ నడుస్తోంది, కానీ దాన్ని నీకు అందించే ఏర్పాటు నాకు లేదు" అని పిలిచినవాళ్లు చెప్పడం. ఈజేబీ (సర్వర్‌లో నడిచే జావా కాంపోనెంట్ల ప్రమాణం) 2.0 స్పెసిఫికేషన్, కోర్బా వాడే నెట్‌వర్క్ ప్రోటోకాల్ ఐఐఓపీ కోసం పెట్టిన పద్ధతి ఇది. జావా 11 నుంచి కోర్బా మాడ్యూల్ జేడీకేలోంచి పోయింది గానీ, ఈ ఆలోచన ఏ ప్రోటోకాల్‌కైనా పనికొస్తుంది.

ఖాళీ కాంటెక్స్ట్ వచ్చినప్పుడు మెథడ్‌కి ట్రాన్సాక్షన్ ఎలా కావాలో చెప్పే ఆట్రిబ్యూట్‌ని బట్టి నడవాలి. రిక్వైర్స్‌న్యూ, నాట్‌సపోర్టెడ్ అయితే పిలుపుని ఒప్పుకోండి. వాటికి బయటి ట్రాన్సాక్షన్‌తో పని లేదు. బీన్ (ఈజేబీ కాంపోనెంట్) తన ట్రాన్సాక్షన్‌ని తనే చూసుకునే రకమైనా ఒప్పుకోవచ్చు. రిక్వైర్డ్, సపోర్ట్స్, మాండేటరీ, నెవర్ అయితే రిమోట్‌ఎక్సెప్షన్ విసిరి ఆపేయండి. రిక్వైర్డ్ దగ్గర "పోనీలే, కొత్తది మొదలుపెడదాం" అనిపిస్తుంది. మొదట చెప్పిన స్టాక్ కథ సరిగ్గా అక్కడే పుడుతుంది.

నిజమైన కాంటెక్స్ట్ వస్తే రిక్వైర్డ్, సపోర్ట్స్, మాండేటరీ అందులో చేరతాయి. రిక్వైర్స్‌న్యూ, నాట్‌సపోర్టెడ్ దాన్ని పక్కన పెట్టి నడుస్తాయి. నెవర్ తిప్పికొడుతుంది. మీ సర్వర్‌కి అసలు ట్రాన్సాక్షన్‌ని దిగుమతి చేసుకునే శక్తే లేకపోతే, నిజమైన కాంటెక్స్ట్‌నీ ఖాళీదాన్ని చూసినట్టే చూడండి.

2. గుమ్మం దగ్గరే చదివి సరిచూడండి

ట్రాన్సాక్షన్ గుర్తింపు, అంటే ఎక్స్‌ఐడీలో మూడు భాగాలుంటాయి: 32 బిట్ల ఫార్మాట్ ఐడీ, 64 బైట్లు మించని గ్లోబల్ ఐడీ, ట్రాన్సాక్షన్‌లో ఒక్కొక్కరి వంతు పనిని, అంటే బ్రాంచిని, గుర్తించే 64 బైట్లు మించని బ్రాంచి క్వాలిఫయర్. ఫార్మాట్ ఐడీ −1 అయితే అది చెల్లని ఎక్స్‌ఐడీ. నెట్‌వర్క్ మీంచి వచ్చిన పొడవు అంకెని నమ్మి శ్రేణి కేటాయించకండి. 64 దాటితే అక్కడే కనెక్షన్ తెంచేయండి.

వీటితో పాటు మిగిలిన టైమౌట్ కూడా రావాలి, దాని సంగతి 5వ దశలో. పిలిచినవాళ్లెవరో నిర్ధారించాకే ట్రాన్సాక్షన్‌ని దిగుమతి చేసుకోండి. ట్రాన్సాక్షన్ తెరవగలిగినవాడు మీ డేటాబేస్ వరుసల మీద లాక్ పట్టుకుని కూర్చోగలడు, కాబట్టి దానికి విడిగా ఒక అనుమతి పెట్టడం మంచిది.

ఇంకో చిన్న గొయ్యి: ఎక్స్‌ఐడీ ఇంటర్‌ఫేస్‌లో ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ ఎలా ఉండాలో ఎక్కడా చెప్పలేదు. అవతలి లైబ్రరీ ఇచ్చిన ఆబ్జెక్ట్‌నే మ్యాప్‌లో తాళంచెవిగా వాడితే, అవే బైట్లతో మళ్లీ వచ్చినా దొరక్కపోవచ్చు. మీ సొంత క్లాస్‌లోకి బైట్లు కాపీ చేసుకుని, శ్రేణుల లోపలి విలువలతో పోల్చేలా ఆ రెండు మెథడ్లూ రాసుకోండి. జకార్తాకి (జావా ఈఈ కొత్త పేరు) మారినవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: ట్రాన్సాక్షన్ ప్యాకేజీ పేరు జకార్తా అయింది గానీ, ఎక్స్‌ఏ (చాలా డేటాబేస్‌లు ఒకే ట్రాన్సాక్షన్‌లో చేరే ప్రమాణం) ప్యాకేజీ జావాఎక్స్ పేరుతోనే జేడీకేలో ఉండిపోయింది. ఇంపోర్టులు గుడ్డిగా మారిస్తే కంపైల్ కాదు.

3. వెతకండి, లేకపోతేనే సృష్టించండి

ఒకే ట్రాన్సాక్షన్‌లో పై సర్వర్ మిమ్మల్ని రెండు మూడు సార్లు పిలవచ్చు. కాబట్టి పని ఎప్పుడూ "వెతుకు, లేకపోతే దిగుమతి చేసుకో" అనే రూపంలోనే ఉండాలి. ఈ రెండూ కలిపి ఒకే అణు చర్యగా జరగాలి. ముందు చూసి, తర్వాత పెట్టే పద్ధతిలో రెండు పిలుపులు ఒకేసారి వస్తే ఒకే ఎక్స్‌ఐడీకి రెండు ట్రాన్సాక్షన్లు పుడతాయి, ఒకటి అనాథగా మిగిలిపోతుంది.

వైల్డ్‌ఫ్లై అప్లికేషన్ సర్వర్‌లో దీనికి లోకల్‌ట్రాన్సాక్షన్‌కాంటెక్స్ట్ క్లాస్‌లో ఫైండ్‌ఆర్‌ఇంపోర్ట్‌ట్రాన్సాక్షన్ మెథడ్ ఉంది. ఏ సర్వర్ మీదైనా నడవాలంటే రిసోర్స్ అడాప్టర్ల ప్రమాణమైన జేసీఏ దారి పట్టండి: ఎగ్జిక్యూషన్‌కాంటెక్స్ట్‌లో ఎక్స్‌ఐడీ, టైమౌట్ పెట్టి, పనిని వర్క్‌మేనేజర్‌కి ఇవ్వండి. జేసీఏ 1.6 నుంచైతే ట్రాన్సాక్షన్‌కాంటెక్స్ట్ వాడొచ్చు. ప్రిపేర్ (కమిట్‌కి ముందు "సిద్ధమా" అని అడిగేది), కమిట్, రోల్‌బ్యాక్, ఫర్గెట్, రికవర్ సందేశాలు వచ్చినప్పుడు బూట్‌స్ట్రాప్ కాంటెక్స్ట్ ఇచ్చే ఎక్స్‌ఏటెర్మినేటర్‌ని పిలవండి.

దిగుమతి అయిన ట్రాన్సాక్షన్‌లో మీ డేటాబేస్‌కి ఇచ్చే ఎక్స్‌ఐడీలో గ్లోబల్ ఐడీ పైనుంచి వచ్చినదే ఉండాలి, బ్రాంచి క్వాలిఫయర్ మాత్రం మీరే కొత్తగా తయారు చేయాలి. వచ్చిన క్వాలిఫయర్‌నే వాడేస్తే, రెండో డేటాసోర్స్ కూడా అదే డేటాబేస్‌ని చూపించినప్పుడు డూప్లికేట్ ఐడీ ఎర్రర్, అంటే ఎక్స్‌ఏ ఎర్రర్ కోడ్ −8 వస్తుంది.

ఆ క్వాలిఫయర్‌లో మీ నోడ్ పేరు ఉండాలి, అది ఇంకే సర్వర్‌కీ ఉండకూడదు. వైల్డ్‌ఫ్లైలో నోడ్ ఐడెంటిఫయర్ డిఫాల్ట్ విలువ 1. దాన్ని మార్చకుండా రెండు సర్వర్లని ఒకే డేటాబేస్ మీద నడిపితే, ఒకదాని రికవరీ (సగంలో ఆగిన ట్రాన్సాక్షన్లని ముగించే భాగం) రెండోదాని బ్రాంచిని చూసి "ఇది నాదే, కానీ నా ట్రాన్సాక్షన్ లాగులో లేదు" అని రోల్‌బ్యాక్ చేసేస్తుంది. వైల్డ్‌ఫ్లై వాడే ట్రాన్సాక్షన్ మేనేజర్ నరయానాలో ఈ పేరుకి 23 బైట్ల హద్దుంది. కుబర్నెటీస్‌లో పాడ్ (సర్వర్ కంటెయినర్ నడిచే యూనిట్) పేర్లు తరచూ ఇంతకంటే పొడవుంటాయి. వాటిని మొదటి 23 అక్షరాలకి కత్తిరించారా, చివరనున్న 0, 1, 2 పోయి అన్ని పాడ్‌లకీ ఒకే పేరొస్తుంది. కత్తిరించాల్సి వస్తే ముందు భాగం కత్తిరించండి.

4. థ్రెడ్‌కి కట్టడం, విప్పడం

ఎక్కువ బగ్గులు దొరికేది ఇక్కడే. వరుస ఇది:

క. ట్రాన్సాక్షన్ మేనేజర్‌ని గెట్‌ట్రాన్సాక్షన్ అడగండి. నల్ రావాలి. ఏదైనా వచ్చిందంటే ఇదే థ్రెడ్ మీద ఇంతకుముందు నడిచిన రిక్వెస్ట్ విప్పకుండా వెళ్లిపోయింది. దాన్ని సస్పెండ్ చేసి, గట్టిగా లాగ్ చేయండి.
ఖ. దిగుమతి చేసుకున్న ట్రాన్సాక్షన్‌తో రెజ్యూమ్ పిలవండి.
గ. అసలు మెథడ్‌ని నడపండి.
ఘ. ఫైనల్లీ బ్లాక్‌లో సస్పెండ్ పిలవండి. కమిట్ కాదు, రోల్‌బ్యాక్ కాదు.
ఙ. ఆ తర్వాతే జవాబు పంపండి.

చివరి రెండూ తారుమారైతే ఏమవుతుందో చూడండి. జవాబు ముందు వెళ్లింది. పై సర్వర్‌కి అది 1 మిల్లీసెకన్‌లో అందింది, దాని పని అయిపోయింది, వెంటనే ప్రిపేర్ పంపింది. మీ దగ్గర మొదటి థ్రెడ్ ఇంకా ఫైనల్లీ బ్లాక్ దాకా రాలేదు, డేటాబేస్ కనెక్షన్ ఇంకా ఆ బ్రాంచికి అతుక్కునే ఉంది. ప్రిపేర్ తెచ్చిన థ్రెడ్‌కి ప్రోటోకాల్ ఎర్రర్, −6 వస్తుంది. లోడ్ లేనప్పుడు ఇది కనపడదు. లోడ్ పెరిగాక వెయ్యింట్లో ఒకటిగా కనపడుతుంది, దాన్ని పట్టుకోవడానికి వారం పడుతుంది.

ఒకే ట్రాన్సాక్షన్ మీద రెండు థ్రెడ్లు ఒకేసారి నడవకుండా చూడండి. జేసీఏలో ఇది నియమమే: ఒక పని నడుస్తుండగా అదే ఎక్స్‌ఐడీతో ఇంకోటి ఇస్తే, ఏకకాల పనికి అనుమతి లేదని చెప్పే ఎర్రర్ కోడ్‌తో వర్క్ మేనేజర్ తిప్పికొడుతుంది. సొంత హ్యాండ్లర్ అయితే ఈ కాపలా మీరే పెట్టుకోవాలి. మెథడ్ లోపల పనిని ఇంకో థ్రెడ్‌కి అప్పగిస్తే ట్రాన్సాక్షన్ దాని వెంట వెళ్లదని కూడా గుర్తుంచుకోండి. ఆ థ్రెడ్ చేసే రాతలు ట్రాన్సాక్షన్ బయట పడతాయి.

5. టైమౌట్: మిగిలింది ఎంతో అది

పై సర్వర్ ట్రాన్సాక్షన్‌కి 300 సెకన్లు ఇచ్చింది, మిమ్మల్ని పిలిచేసరికి 40 సెకన్లు అయిపోయాయి అనుకుందాం. కాంటెక్స్ట్‌లో రావాల్సింది 260, 300 కాదు. మీ దగ్గర గరిష్ఠ హద్దు 120 అయితే రెండింట్లో చిన్నది తీసుకోండి.

గడువు ఏ క్షణంతో తీరుతుందో ఆ గడియారపు సమయాన్ని పంపడం తేలిగ్గా అనిపిస్తుంది గానీ, రెండు మెషీన్ల గడియారాలు కొన్ని సెకన్లు తేడాగా ఉంటే లెక్క చెడుతుంది. మిగిలిన వ్యవధి పంపడమే నయం.

ఇందులోనే మంచి ఉచ్చు ఒకటుంది. మిగిలింది 700 మిల్లీసెకన్లు. సెకన్లలోకి మార్చడానికి 1000తో భాగిస్తే పూర్ణాంకాల్లో 0 వస్తుంది. జేటీఏలో (జావా ట్రాన్సాక్షన్ ఏపీఐ) సెట్‌ట్రాన్సాక్షన్‌టైమౌట్‌కి 0 ఇస్తే "డిఫాల్ట్‌కి వెళ్లు" అని అర్థం. వైల్డ్‌ఫ్లైలో అది 300 సెకన్లు. ముక్కాలు సెకనులో ముగియాల్సిన ట్రాన్సాక్షన్ అయిదు నిమిషాలు లాక్ పట్టుకుంటుంది. భాగించేటప్పుడు పైకి రౌండ్ చేయండి. మిగిలింది 0 లేదా అంతకంటే తక్కువైతే దిగుమతే చేసుకోకుండా తిప్పికొట్టండి.

టైమౌట్ ప్రిపేర్‌కి ముందే పనిచేయాలి. "సిద్ధం" అని ఓటేశాక గడువు దాటిందని సొంతంగా రోల్‌బ్యాక్ చేసే హక్కు మీకు లేదు.

6. మెథడ్ ఫెయిలైతే

సిస్టమ్ ఎక్సెప్షన్ వచ్చినప్పుడు సెట్‌రోల్‌బ్యాక్‌ఓన్లీ పిలిచి, ట్రాన్సాక్షన్ పాడైందని తెలిసే ఎక్సెప్షన్ పైకి పంపండి. ఈజేబీలో దాని పేరు ఈజేబీట్రాన్సాక్షన్‌రోల్డ్‌బ్యాక్‌ఎక్సెప్షన్. మామూలు ఎక్సెప్షన్ పంపితే పై సర్వర్ దాన్ని పట్టుకుని, మళ్లీ ప్రయత్నిద్దామని అదే ట్రాన్సాక్షన్‌లో ఇంకోసారి పిలుస్తుంది. అది వృథా శ్రమ.

అప్లికేషన్ కోడ్ దిగుమతి అయిన ట్రాన్సాక్షన్ మీద నేరుగా కమిట్ పిలిస్తే ఒప్పుకోకండి. ముగించే అధికారం మొదలుపెట్టినవాళ్లది.

7. ప్రిపేర్ వచ్చినప్పుడు

ముందు బిఫోర్‌కంప్లీషన్ పిలుపులు నడవాలి. హైబర్నేట్ లాంటి డేటాబేస్ లైబ్రరీలు అప్పటిదాకా మెమరీలో దాచుకున్న మార్పుల్ని ఎస్‌క్యూఎల్‌గా డేటాబేస్‌కి పంపేది అప్పుడే. ఇవి నడవకుండా ప్రిపేర్ చేస్తే ట్రాన్సాక్షన్ చక్కగా కమిట్ అవుతుంది, డేటా మాత్రం ఉండదు. ఒకే దశ కమిట్ సందేశం వచ్చినా ఇదే వరుస పాటించాలి. చాలామంది ప్రిపేర్‌లో పెట్టి ఒకే దశ కమిట్‌లో మర్చిపోతారు.

తర్వాత మీ కింద ఉన్న ప్రతి రిసోర్స్‌నీ ప్రిపేర్ చేయండి. అన్నీ చదవడమే చేసి ఉంటే రీడ్‌ఓన్లీ, అంటే 3 తిరిగి ఇచ్చి ట్రాన్సాక్షన్‌ని మ్యాప్‌లోంచి తీసేయండి. రెండో దశలో మీకు పిలుపు రాదు. ఏ ఒక్కటి ఫెయిలైనా మిగతావాటిని రోల్‌బ్యాక్ చేసి ఆ సంగతి పైకి చెప్పండి. అన్నీ సిద్ధమైతే పైనుంచి వచ్చిన ఎక్స్‌ఐడీ, మీ కింది బ్రాంచిలు కలిపి ఒక రికార్డుగా లాగులో రాసి, డిస్క్‌కి చేరిందని నిర్ధారించుకున్నాకే "సరే" అనండి. రాసే ముందే సర్వర్ పడిపోతే నష్టం లేదు: మీరు ఓటెయ్యలేదు, లాగులో లేని బ్రాంచిని రికవరీ రోల్‌బ్యాక్ చేస్తుంది. ఓటేసి రాయకపోతే మాత్రం, కమిట్ అవ్వాల్సినదాన్ని మీ రికవరీయే చెరిపేస్తుంది.

ఎక్స్‌ఏ కాని డేటాసోర్స్‌ని దిగుమతి అయిన ట్రాన్సాక్షన్‌లో చేరనివ్వకండి. దానికి ప్రిపేర్ చేయడం రాదు. చివరి రిసోర్స్ అనే ఉపాయంలో అలాంటిది ప్రిపేర్ సమయంలోనే కమిట్ అయిపోతుంది. మొదటి సర్వర్‌లో అయితే నిర్ణయం తీసుకునేది తనే కాబట్టి ఆ ఉపాయం చెల్లుతుంది. మీరు కింది సర్వర్, పైవాళ్ల నిర్ణయం ఇంకా రాలేదు.

8. రికవరీ, లోడ్ బ్యాలన్సర్

సర్వర్ మళ్లీ లేచినప్పుడు లాగంతా చదవడం అయ్యాకే నెట్‌వర్క్ పోర్టు తెరవండి. తొందరపడి ముందే తెరిస్తే పైనుంచి కమిట్ వస్తుంది, మీ మ్యాప్ ఇంకా ఖాళీ, "ఇలాంటిది నాకు తెలియదు" అని −4 ఇస్తారు. పై సర్వర్ దాన్ని "ముందే ముగిసింది, జవాబే పోయింది" అని అర్థం చేసుకుని తన లాగ్ చెరిపేస్తుంది. మీ డేటాబేస్‌లో ఆ బ్రాంచి అలాగే లాకులతో వేలాడుతుంది. పోర్టు ముందే తెరవక తప్పకపోతే, లాగ్ చదివేదాకా −7, అంటే రిసోర్స్ అందుబాటులో లేదని చెప్పండి. అప్పుడు పైవాళ్లు తర్వాత మళ్లీ ప్రయత్నిస్తారు. ఇక్కడ −3 (రిసోర్స్‌లో ఎర్రర్) ఇవ్వకండి, అది "వేచి చూడు" అని చెప్పే కోడ్ కాదు. రోల్‌బ్యాక్‌కి −4 ఇవ్వడంలో మాత్రం తప్పేమీ లేదు.

రికవర్ పిలుపుకి ప్రిపేర్ అయి నిర్ణయం రాని ఎక్స్‌ఐడీలు మాత్రమే ఇవ్వండి, అదీ పైనుంచి వచ్చిన రూపంలో. మీ డేటాబేస్ బ్రాంచిలు పైవాళ్లకి అక్కర్లేదు.

మధ్యలో లోడ్ బ్యాలన్సర్ ఉంటే ఒక ట్రాన్సాక్షన్‌కి చెందిన పిలుపులన్నీ, ప్రిపేర్, కమిట్‌తో సహా, ఒకే నోడ్‌కి చేరాలి. లేకపోతే పని ఒక నోడ్‌లో, ప్రిపేర్ ఇంకో నోడ్‌లో పడతాయి. లాగ్ ఉండే ఆబ్జెక్ట్ స్టోర్ శాశ్వత డిస్క్ మీద ఉండాలి. పాడ్‌తో పాటు పోయే డిస్క్ మీద పెడితే 7వ దశలో చేసిందంతా దండగే. కుబర్నెటీస్‌లో డిప్లాయ్‌మెంట్ బదులు, పాడ్ పేరూ డిస్కూ మారకుండా ఉంచే స్టేట్‌ఫుల్‌సెట్ వాడండి, నిర్ణయం రాని ట్రాన్సాక్షన్లు ముగిశాకే పాడ్‌లు తగ్గించండి.

9. చంపి చూడండి

టెస్టులకి ముందు డేటాబేస్ సిద్ధంగా ఉందో లేదో చూసుకోండి. పోస్ట్‌గ్రెస్‌లో మ్యాక్స్ ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్స్ డిఫాల్ట్ 0, అంటే ప్రిపేర్ అసలు జరగదు. కనీసం మీ కనెక్షన్ పూల్ మొత్తానికి సరిపడా పెంచండి. మైఎస్‌క్యూఎల్ 8.0లో ఎక్స్‌ఏ రికవర్ నడపాలంటే ఎక్స్‌ఏ రికవర్ అడ్మిన్ హక్కు కావాలి, అప్లికేషన్ యూజర్‌కి అది ఇవ్వడం మర్చిపోతారు. 5.7.7 కంటే పాత మైఎస్‌క్యూఎల్‌లో కనెక్షన్ తెగితే ప్రిపేర్ అయిన బ్రాంచి కూడా రోల్‌బ్యాక్ అయిపోయేది. దాని మీద ఈ పనే పెట్టుకోవద్దు.

తర్వాత మూడు చోట్ల డీబగ్గర్ బ్రేక్‌పాయింట్ పెట్టి, అక్కడ ఆగినప్పుడు ప్రాసెస్‌ని కిల్ −9తో చంపండి: డేటాబేస్ ప్రిపేర్ అయ్యాక లాగ్ రాసే ముందు, లాగ్ రాశాక జవాబు పంపే ముందు, కమిట్ అందుకున్నాక డేటాబేస్‌కి చెప్పే ముందు. మొదటి రెండింట్లో రోల్‌బ్యాక్, మూడోదాంట్లో కమిట్ రావాలి. నరయానాలో రికవరీ రౌండు డిఫాల్ట్‌గా 120 సెకన్లకి ఒకసారి వస్తుంది, అందులోని రెండు అంచెల మధ్య 10 సెకన్ల విరామం ఉంటుంది. కాబట్టి 30 సెకన్లు చూసి పనిచేయలేదని తేల్చేయకండి.

అయిదు నిమిషాలయ్యాక కూడా పోస్ట్‌గ్రెస్ ప్రిపేర్డ్ ఎక్స్‌యాక్ట్స్ వ్యూలోనో, ఒరాకిల్ టూపీసీ పెండింగ్ వ్యూలోనో వరుస మిగిలి ఉంటే, చేత్తో రోల్‌బ్యాక్ చేసే ముందు ఆ గ్లోబల్ ఐడీ కోసం మొట్టమొదటి సర్వర్ ఆబ్జెక్ట్ స్టోర్‌లో వెతకండి. అక్కడ రికార్డు ఉంటే కమిట్ అని నిర్ణయం అయిపోయినట్టే, చేత్తో చేసినా కమిటే చేయాలి. మీ సర్వర్ స్టోర్‌లో మాత్రమే ఉంటే అది మీ ఓటు, నిర్ణయం కాదు. దాన్ని చూసి కమిట్ కొట్టకండి.